మందు మార్చినా కంపు పోలేదు: ఒక కారవాన్ క్యాసెట్ టాయిలెట్ కేసు

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఇళ్ల దగ్గరికే వెళ్లి కారవాన్లకు, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇళ్లకు, సర్వీసింగ్ చేస్తుంటాను. గ్యాస్, కరెంటు, గోడల్లో చెమ్మ, నీళ్ల పైపులు చూడటం అసలు పని. జూన్ మొదలైందంటే మాత్రం ఎక్కువ ఫోన్లు టాయిలెట్ గురించే వస్తాయి. ఈ మధ్య మనవాళ్లు కూడా సెకండ్ హ్యాండ్ కారవాన్లు బాగానే కొంటున్నారు. వాళ్లలో ఒక కుటుంబం తెచ్చిన సమస్య ఇది. దీన్ని రాయడానికి కారణం ఒక్కటే. టాయిలెట్ ట్యాంకులో కంపు రాకుండా పోసే మందుల గురించి ఈ దేశంలో దొరికే సలహాలన్నీ కాగితం వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. నీళ్లు వాడే ఇంట్లో ఆ లెక్కలు పనిచేయవు.

వాళ్లు చెప్పింది

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని కరీంనగర్ నుంచి వచ్చిన అతని తల్లి. కారవాన్ ఐదుగురు పడుకునేది, వయసు పైబడింది, కానీ లోపల శుభ్రంగా ఉంది. జులై చివర్లో డర్బీషైర్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి ఒక రైతు పొలంలో దిగారు. బ్రిటన్‌లో ఇలాంటి చిన్న సైట్లు వేలల్లో ఉన్నాయి. కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్ గుర్తింపు ఇచ్చిన పొలాల్లో ఒకేసారి ఐదు కారవాన్ల దాకా నిలుపుకోవచ్చు. చాలాచోట్ల బాత్రూమ్ బ్లాక్ ఉండదు. ఒక నీళ్ల కుళాయి, చెత్త డబ్బా, క్యాసెట్ (టాయిలెట్ కింద ఉండే, బయటికి లాగే ట్యాంకు) పారబోసే ఎల్సాన్ పాయింట్, అంతే. ఎల్సాన్ అనేది నిజానికి ఒక కంపెనీ పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ విమానాల్లో సిబ్బంది వాడిన బకెట్ టాయిలెట్లు కూడా వాళ్లవే. ఇప్పుడు ఏ కంపెనీ టాయిలెట్ అయినా పారబోసే చోటుకు అదే పేరు.

ఫిర్యాదులు మూడు. రెండో రోజుకే కారవాన్ అంతా కంపు. పొద్దున ఖాళీ చేస్తే సాయంత్రానికే ట్యాంకు నిండిందని చెప్పే ఎర్ర లైటు. మూడోది వాళ్లను బాగా నొప్పించింది: రైతు వచ్చి, మర్యాదగానే, "మీరు పోస్తున్నది నీలం మందేనా?" అని అడిగి, ఎల్సాన్ పాయింట్ మీదున్న బోర్డు చూపించాడు. అక్కడ నీలం మందులు పోయకూడదట. ఇంటికి తిరిగొచ్చాక ఆకుపచ్చ మందు కొని, వారాంతంలో ఇంకో సైట్‌లో వాడి చూశారు. కంపు ఇంకా ఎక్కువైంది. అప్పుడు నాకు ఫోన్ చేశారు. "అన్నా, టాయిలెట్టే మార్చేద్దామా?" అన్నది అతని మొదటి ప్రశ్న.

నేను చూసింది

టాయిలెట్ మామూలు క్యాసెట్ రకం. కారవాన్ బయట చిన్న తలుపు తీసి లాగితే సూట్‌కేసులా చక్రాల మీద వచ్చే ట్యాంకు, పట్టేది సుమారు 18 లీటర్లు. పైన జరిగే మూత ఉంటుంది, దాన్ని బ్లేడ్ అంటాం. దాని చుట్టూ రబ్బరు లిప్ సీల్. పారబోయడానికి తిప్పుకునే గొట్టం, దాని పక్కన గాలి వదిలే బటన్.

కంపు వస్తోందంటే ముందు మందు సీసా చూడను, సీల్ చూస్తాను. క్యాసెట్‌లో మంచినీళ్లు నింపి, బ్లేడ్ మూసి, కిందికి వంచి పట్టుకుంటే చుక్కలు పడకూడదు. ఇక్కడ ధారగానే కారింది. సీల్ ఒక పక్క గట్టిపడి ఉబ్బింది. అడిగితే సంగతి తెలిసింది: మందును టాయిలెట్ గిన్నెలోంచి, మూసి ఉన్న బ్లేడ్ మీదే పోసి, తర్వాత బ్లేడ్ తీసేవారు. చిక్కటి మందు నీళ్లు కలవకుండా సీల్ మీద నిలబడుతుంది. పైగా కంపు తట్టుకోలేక బ్లీచ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ కూడా పోశారు. రబ్బరుకు బ్లీచ్ పడదు. అంతకంటే ముఖ్యం, మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే క్లోరమైన్ వాయువులు పుడతాయి. అంత చిన్న గదిలో అవి కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచివి కావు. పిల్లలు దగ్గుతున్నారని తల్లి చెప్పిందిగానీ, దానికి కారణం ఇదేనని నేను తేల్చి చెప్పలేదు. బ్లీచ్ మాత్రం ఆ రోజే ఆపించాను.

టార్చి వేసి లోపల చూస్తే ట్యాంకు గోడలకు పసుపు, గోధుమరంగు గార. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా విడగొడతాయి. దాంతో ద్రవం క్షారగుణానికి మారి, అందులోని కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్లు గట్టిగా పేరుకుంటాయి. ఈ గార కంపును పట్టి ఉంచుతుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా వాసన వస్తోందంటే చాలావరకు దోషి ఇదే, మందు కాదు.

లీటర్ల లెక్క

ఎర్ర లైటు సంగతి అడిగినప్పుడు భర్త కొంచెం మొహమాటపడ్డాడు. పెద్దావిడే సూటిగా చెప్పింది: "నీళ్లు లేకుంటే ఎట్ల బిడ్డా? గా కాగితంతోని నాకు కాదు." గిన్నె పక్కనే మగ్గు. అందరూ మగ్గే వాడుతున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, లెక్క మాత్రం కూర్చుని వేయాలి. అక్కడే కాగితం మీద వేశాం.

పెద్దవాళ్లు ముగ్గురికీ రోజుకు తలా లీటరున్నర మూత్రం అనుకుందాం, పిల్లలిద్దరికీ కలిపి ఒకటిన్నర. మొత్తం ఆరు లీటర్లు. రోజుకు ఐదుగురూ కలిసి ఓ పాతిక సార్లు వెళ్తారు. ప్రతిసారీ 300 మిల్లీలీటర్ల ఫ్లష్ అంటే ఏడున్నర లీటర్లు. మగ్గుతో కడుక్కోవడానికి అరలీటరు చొప్పున ఇంకో పన్నెండున్నర. అన్నీ కలిపితే 26 లీటర్లు. పట్టేది 18. సైట్‌లో వేరే టాయిలెట్ లేదు. ఎర్ర లైటు సాయంత్రం దాకా ఆగిందంటే పగలు బయట తిరిగి రావడం వల్లే.

ఈ లెక్కలో మందుకు సంబంధించిన మాట ఒకటుంది. సీసా మీద రాసే డోసు, రకాన్ని బట్టి 20 లీటర్ల ట్యాంకుకు 60 మిల్లీలీటర్ల నుంచి 150 దాకా, ఆ ట్యాంకు నాలుగైదు రోజులు నిలవ ఉంటుందన్న అంచనాతో ఇస్తారు. వీళ్లు రోజుకు ఒకటిన్నర ట్యాంకు పారబోస్తున్నారు. ప్రతిసారీ పూర్తి డోసు పోస్తే నాలుగు రోజుల పని కోసం పెట్టిన మందు పన్నెండు గంటల్లో మట్టిలోకి పోతుంది. డబ్బు దండగ, రైతు సెప్టిక్ ట్యాంకుకు దెబ్బ.

రైతు ఎందుకు వద్దన్నాడు

నీలం మందుల పని సూక్ష్మజీవుల్ని చంపడం. వాయువు పుట్టించే జీవులు చస్తే కంపు ఆగుతుంది. పాతకాలంలో దీనికి ఫార్మాల్డిహైడ్ వాడేవారు. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది. ఇప్పుడు చాలా సీసాల మీద "ఫార్మాల్డిహైడ్ లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మన కస్టమర్ కూడా అదే చూసి కొన్నాడు. వెనక చిన్న అక్షరాల్లో బ్రోనోపాల్ అని ఉంది. అది కూడా సూక్ష్మజీవుల్ని చంపేదే. ముందు వైపున్న మాటను బట్టి సెప్టిక్ ట్యాంకుకు మంచిదనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఊరి మురుగు పైపుకు కలిపిన పెద్ద సైట్లలో ఈ మందు వేల ఇళ్ల నీళ్లలో కలిసిపోతుంది, ఇబ్బంది తక్కువ. రైతు పొలంలో ఉండేది సెప్టిక్ ట్యాంక్. ఇంగ్లండ్ భవన నిబంధనల ప్రకారం నలుగురు మనుషుల ఇంటికి దాని కనీస పరిమాణం 2,700 లీటర్లు, ఆపైన ఒక్కో మనిషికి ఇంకో 180. ఆ ట్యాంకు నడిచేదే సూక్ష్మజీవుల మీద. ఐదు కారవాన్లు రోజూ నీలం నీళ్లు పోస్తుంటే అందులోని జీవులు చచ్చి, మురుగు విడగొట్టే పని ఆగిపోయి, అరగని సరుకు పొలంలో ఇంకే గొట్టాల్లోకి పోతుంది. అవి మూసుకుపోతే తవ్వించాల్సిన ఖర్చు రైతుదే. ఆయన అడిగిన తీరు మర్యాదగానే ఉంది. నేనైతే ఇంకొంచెం గట్టిగానే అడిగేవాణ్ణి.

మరి ఆకుపచ్చ ఎందుకు పనిచేయలేదు?

నీలం అంటే చంపేది, ఆకుపచ్చ అంటే బతికించేది అని అందరూ అనుకుంటారు. రంగుకు చట్టమేమీ లేదు, వాడుక మాత్రమే. ఆకుపచ్చ సీసాల్లో కనీసం మూడు రకాలున్నాయి. కొన్నిట్లో బతికున్న సూక్ష్మజీవులూ ఎంజైములూ ఉంటాయి. కొన్ని నైట్రేట్ ఆధారంగా చేసినవి: గాలి అందని చోట సూక్ష్మజీవులు సల్ఫేట్ బదులు నైట్రేట్‌ను వాడుకుంటాయి, దాంతో కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టదు. ఇంకొన్ని త్వరగా విడిపోయే తేలికపాటి మందులు. థెట్‌ఫోర్డ్ కంపెనీ ఆక్వా కెమ్ గ్రీన్ సీసా మీద ఐఎస్ఓ 11734 పరీక్ష ప్రకారం సెప్టిక్ ట్యాంకులో పోయవచ్చని ఉంటుంది. నేను వెతికేది అలాంటి మాట కోసం. సీసా మీద ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన సరిపోదు.

వీళ్లు కొన్నది సూక్ష్మజీవులున్న రకం. దాన్ని నీలం మందు తడి ఆరని ట్యాంకులో, బ్లీచ్ ఆనవాళ్లున్న గిన్నెలో పోశారు. పోసిన జీవులు పోసినట్టే చచ్చాయి. మిగిలింది పరిమళం, గార, కారుతున్న సీల్. కంపు పెరగక ఏమవుతుంది? ఈ రకానికి ఇంకో బలహీనత కూడా ఉంది. చలికాలం ఇడ్లీ పిండి పొంగనట్టే, ఏప్రిల్ చలిలో ఈ జీవులు మందకొడిగా పనిచేస్తాయి. సీజన్ మొదట్లో వీటిని మెచ్చుకునేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

బట్టలుతికే బయో లిక్విడ్ పోస్తే సరిపోతుందని ఎవరో చెప్పారట, దాని గురించీ అడిగారు. ఇక్కడి కారవాన్ వాళ్లలో ఈ అలవాటు బాగా ఉంది. అందులోని ఎంజైములు మాంసకృత్తుల్ని, కొవ్వును విడగొడతాయి, వాసన కమ్మగా ఉంటుంది, చవక. ఇద్దరే ఉండి రోజూ ఖాళీ చేసేవాళ్లు వాడుతుంటే నేను అడ్డు చెప్పను. ఇంత నీళ్లు పడే ట్యాంకులో మాత్రం నురగ పెద్ద తలనొప్పి. బ్లేడ్ తీయగానే పైకి పొంగుతుంది, పారబోసేటప్పుడు అడ్డం పడుతుంది. పైగా టాయిలెట్ తయారీదారులు ఇంట్లో వాడే క్లీనర్లు సీళ్లకు హాని చేస్తాయని హెచ్చరిస్తారు. వీళ్లకు వద్దన్నాను.

చేసిన పని

ముందు సీల్ మార్చాను. సీల్ కుటుంబమే కొనితెచ్చింది, పెద్ద ఖరీదు కాదు. ట్యాంకులో గోరువెచ్చని నీళ్లు, సిట్రిక్ యాసిడ్ కలిపి రాత్రంతా ఉంచి, మధ్యమధ్య అటూ ఇటూ ఊపమన్నాను. బ్లీచ్ తాలూకు చుక్క కూడా మిగలకుండా బాగా కడిగాకే ఇది చేయించాను. బ్లీచ్‌లో ఏ యాసిడ్ కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మూత తెరిచి ఆరబెట్టారు. పాత నీలం మందు మిగులును మురుగు పైపు ఉన్న సైట్‌లో ఖాళీ చేశారు. రోడ్డు పక్కనుండే వాననీటి జాలీలో ఎవరూ పోయవద్దు. అది తిన్నగా వాగులోకి పోతుంది.

కొత్త సీల్‌కు నూనె రాయాలంటే పెద్దావిడ కొబ్బరినూనె సీసా తెచ్చింది. తయారీదారు మాన్యువల్ ఆలివ్ నూనె వాడమంటుంది, వ్యాజిలిన్, ఇతర వంటనూనెలు వద్దంటుంది. కొబ్బరినూనె ఇంగ్లండ్ చలికి గడ్డకడుతుంది కూడా. ఆలివ్ నూనె వేలికి అంటించుకుని పల్చగా రాశాం.

మందు విషయంలో నా సలహా: సెప్టిక్ ట్యాంకుకు పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్న, బతికున్న జీవుల మీద ఆధారపడని ఆకుపచ్చ రకం. వీళ్లు వెళ్లేవి ఎక్కువగా రైతుల సైట్లు, అదే అసలు కారణం. పెద్ద క్లబ్ సైట్లకే వెళ్లే కుటుంబమై, మూడు నాలుగు రోజులకోసారి ఖాళీ చేసే ఇద్దరు మనుషులైతే నీలమే కొనమనేవాణ్ణి. ఎండాకాలం నాలుగో రోజు దాకా కంపును ఆపడంలో దానికి సాటి లేదు. రోజూ పారబోసేవాళ్లకు ఆ బలం అక్కర్లేదు. అందుకే డోసు కూడా సగానికి తగ్గించమన్నాను. ఇది సీసా మీద ఉండే మాట కాదు, రోజూ ఖాళీ చేసేవాళ్లకు నేను చెప్పే మాట.

పోసే పద్ధతి మార్చాం. బ్లేడ్ మూసి, క్యాసెట్ బయటికి తీసి, పారబోసే గొట్టంలోంచి రెండు లీటర్ల నీళ్లు, ఆ నీళ్లలో మందు. చేతికి గ్లౌజు. సీసా పిల్లలకు అందని చోట. పారబోసేటప్పుడు గొట్టం కిందికి వంచాకే గాలి బటన్ నొక్కాలి. నొక్కకపోతే గుడగుడమని ఎగజిమ్మి ప్యాంటు మీద పడుతుంది. ముందే నొక్కితే బటన్ దగ్గరే కారుతుంది.

గులాబీ రంగు ఫ్లష్ మందు విషయంలో ఆ ఇంటి కోడలిని సమయానికి ఆపగలిగాను. గిన్నెకు ఏమీ అంటుకోకుండా జారేలా చేసే మందు అది, ఫ్లష్ నీళ్ల ట్యాంకులో కలుపుతారు. ఈ కారవాన్‌లో ఫ్లష్‌కు వేరే ట్యాంకు లేదు. బయట దొర్లించుకొచ్చే 40 లీటర్ల నీళ్ల పీపా నుంచే వంటకూ, తాగడానికీ, ఫ్లష్‌కూ నీళ్లు వస్తాయి. ఆమె మందును ఆ పీపాలో కలపబోయింది. పాత కారవాన్ కొన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే: ఫ్లష్ నీళ్లు నింపడానికి వేరే మూత ఉందా లేదా. లేకపోతే గులాబీ మందును నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పెట్టుకుని గిన్నె మీద కొట్టుకోవాలి. వీళ్లు అదే చేస్తున్నారు.

నీళ్ల సంగతి చివరికి మిగిలింది. మగ్గు తీసేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరం కూడా లేదు. ముక్కు వంగిన ప్లాస్టిక్ బాటిల్, చేత్తో నొక్కితే ధార వచ్చేది, ప్రయాణాల కోసం అమ్ముతారు. 150 మిల్లీలీటర్లతో పని అయిపోతుంది. పాతిక సార్లకు నాలుగు లీటర్లు కూడా దాటదు. ఫ్లష్ బటన్ నొక్కిపట్టకుండా ఒక్కసారి వదిలితే అదీ నాలుగు లీటర్లలోపే. ఆరు, నాలుగు, నాలుగు, మొదట పోసిన రెండు: పదహారు. రోజుకు ఒక్క ట్యాంకు. పెద్దావిడ బాటిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మగ్గు మాత్రం సంచిలో పెట్టుకునే ఉంటానంది.

తర్వాత

ఆగస్టు చివరి బ్యాంక్ హాలిడేకి అదే రైతు దగ్గరికి మళ్లీ వెళ్లారు. ఈసారి సీసా ఆయనకు ముందే చూపించారు. రెండు రోజులు ఏ వాసనా లేదు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మోనియా ఘాటు మొదలైందని ఫోన్. ఫోటోలు పంపమన్నాను. క్యాసెట్ తలుపు పడమటి ఎండకు ఎదురుగా ఉంది, చేయి పెడితే కాలేంత వేడి. ఆ రోజు అందరూ కారవాన్‌లోనే ఉన్నారు. అంత వేడిలో సగం డోసు చాలదు. ఆ పూటకు ఖాళీ చేసి పూర్తి డోసు పోయమన్నాను, తలుపుకు ఆనింగ్ (కారవాన్ పక్కన కట్టుకునే గుడ్డ పందిరి) నీడ పడేలా చేసుకోమన్నాను. సాయంత్రానికి తగ్గింది. అప్పటినుంచి వాళ్ల నియమం: చల్లటి రోజుల్లో సగం, ఎండ కాసిన రోజు పూర్తి డోసు, పార్కు చేసేటప్పుడే ఆ తలుపు ఉత్తరం వైపు.

తర్వాత రెండో క్యాసెట్ కొనమని నేనే చెప్పాను. టాయిలెట్ మార్చడం కంటే చాలా చవక, ఐదుగురి కుటుంబానికి ఏ ఘాటైన మందు కంటే ఎక్కువ పనికొస్తుంది. రాత్రి పన్నెండింటికి ఎర్ర లైటు వెలిగితే చీకట్లో ఎల్సాన్ పాయింట్ దాకా లాక్కెళ్లే పని తప్పుతుంది. ఫ్యాన్ పెట్టి క్యాసెట్‌లోని గాలిని ఫిల్టర్ గుండా బయటికి లాగే సోగ్ అనే జర్మన్ ఏర్పాటు గురించి కూడా అడిగారు. మందు లేకుండా నడపాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది. కానీ పక్క కారవాన్ ఆనింగ్ దగ్గరగా ఉంటే ఆ గాలి ఎటు పోతుందో చూసుకోవాలి. వీళ్లకు ఇప్పటికి అవసరం లేదన్నాను.

అక్టోబర్‌లో కారవాన్‌ను షెడ్డులో పెట్టే ముందు క్యాసెట్లు రెండూ కడిగి, ఫ్లష్ పైపులో నీళ్లు వదిలేసి, సీల్ అతుక్కోకుండా బ్లేడ్లు తెరిచి ఉంచారు. నా లెక్కలో మిగిలింది వచ్చే సర్వీసులో క్యాసెట్‌ను మళ్లీ వంచి సీల్ కారుతోందేమో చూడటం, ఆ లోపల బ్లీచ్ ఎవరూ పోయకుండా ఉండటం. వేసవిలో ఫ్రాన్స్ వెళ్తారట. అక్కడి మందు సీసా ఫోటో పంపిస్తే వెనకవైపు చదివి చెప్తానన్నాను.